స్పానిష్ పట్టా: మొదటి కొలువు సరే, రెండోది?

అనంతపురం పల్లెలకు స్పెయిన్ వాళ్లు కొత్త కాదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆ కరవు సీమకు వచ్చి, 2009లో అక్కడే కన్నుమూశారు. ఆయన నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, అంటే అక్కడి జనం నోట ఆర్డీటీ, ఆసుపత్రులు, బడులు, ఇళ్లతో పాటు విదేశీ భాషల శిక్షణ పాఠశాల ఒకటి నడుపుతోంది. బీకామో, బీఎస్సీయో, బీటెక్కో పూర్తి చేసిన పల్లెటూరి పిల్లల్ని చేర్చుకుని, హాస్టల్లో ఉంచి, దాదాపు ఏడాది పాటు ఇంగ్లిష్‌తో పాటు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్‌లలో ఏదో ఒకటి నేర్పిస్తారు. పాఠాలు చెప్పేవాళ్లలో ఆ దేశాల నుంచి వచ్చిన వాలంటీర్లూ ఉంటారు. పేదిళ్లలో పుట్టిన పిల్లలు అక్కడి నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని బహుళజాతి కంపెనీల్లోకి వెళ్తున్నారు. తెలుగు నేల మీద భాషా బోధన సాధించిన మంచి ఫలితాల్లో ఇదొకటి. రావాల్సినంత పేరు దానికి రాలేదు.

ఇప్పుడు హైదరాబాద్ తార్నాకకు వద్దాం. 1958లో ఇంగ్లిష్ బోధన సంస్థగా మొదలై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయంగా మారిన ఇఫ్లూలో స్పానిష్‌కు బీఏ ఉంది, ఎంఏ ఉంది. ప్రవేశ పరీక్ష నెగ్గి చేరిన విద్యార్థి అక్షరాలతో మొదలుపెట్టి వ్యాకరణం, ఉచ్చారణ, స్పెయిన్ చరిత్ర, లాటిన్ అమెరికా సమాజం, సెర్వాంటెస్ నుంచి గార్సియా మార్కెస్ దాకా సాహిత్యం చదువుతాడు. పట్టా చేతికొచ్చాక అతను మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో కూర్చునే కుర్చీ చాలాసార్లు అనంతపురంలో ఏడాది చదివిన బీకాం కుర్రాడి కుర్చీ పక్కనే ఉంటుంది. ప్రాసెస్ అదే, షిఫ్టు అదే, జీతంలోనూ పెద్ద తేడా ఉండదు. బీకాం కుర్రాడు కష్టపడ్డాడు, గెలిచాడు. అతన్ని తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. తేల్చుకోవాల్సింది యూనివర్సిటీ వైపు లెక్క: మూడేళ్ల బీఏలో అదనంగా చదివిన ఆ రెండేళ్లకు బజారులో ఎందుకు ధర పలకడం లేదు?

స్పానిష్ చదివితే ఉద్యోగమే రాదన్న భయం మాత్రం అక్కర్లేదు. ఇరవై దేశాల్లో అధికార భాష, దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష. హైదరాబాద్‌లో ఆఫీసులు తెరిచిన బహుళజాతి సంస్థలు ఆ దేశాల ఖాతాదారులతో నిత్యం వ్యవహరించాల్సిందే. ఉద్యోగ ప్రకటనల్లో సాధారణంగా కనిపించే షరతు ‘బీ2 స్థాయి స్పానిష్’. యూరప్ భాషల కొలతలో ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లుంటే, ఇది నాలుగోది. ఆ స్థాయిని నిరూపించడానికి స్పెయిన్ విద్యాశాఖ పేరుతో ఇచ్చే డెలె సర్టిఫికెట్ ఉంది, దానికి కాలపరిమితి లేదు. ఆన్‌లైన్‌లో రాసే సియెలె ఫలితం ఐదేళ్లు చెల్లుతుంది. డిగ్రీ పట్టా కంటే ఈ కాగితాన్నే ముందు చూసే హెచ్ఆర్‌లు ఉన్నారు. నిజానికి అక్కడే సగం కథ అర్థమైపోవాలి.

ఆ ఉద్యోగం లోపల పని ఏమిటి? మెక్సికో కస్టమర్ ఈమెయిల్‌కు జవాబు, కొలంబియా విక్రేత ఖాతా సరిచూడటం, స్పెయిన్ సరఫరాదారు పంపిన ఇన్వాయిస్‌లో తేడాలు పట్టడం, సోషల్ మీడియాలో బూతులు, బెదిరింపులు వడకట్టడం, వాయిస్ అసిస్టెంట్లకు నేర్పే మాటల ముక్కలకు గుర్తులు పెట్టడం. మెక్సికో సిటీలో ఉదయం తొమ్మిదైతే హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిదిన్నర. కాబట్టి ఆ దేశపు ప్రాసెస్ అంటే సాయంత్రం క్యాబెక్కి తెల్లవారాక ఇల్లు చేరడమే. స్పెయిన్ ప్రాసెస్ దొరికితే అదృష్టం, మధ్యాహ్నం షిఫ్టుతో సరిపోతుంది. ఈ ఉద్యోగులు చెప్పుకునే ‘ల్యాంగ్వేజ్ ప్రీమియం’, అంటే భాష వచ్చినందుకు ఇచ్చే అదనపు జీతం, మొదటి రోజు నుంచే చేతికొస్తుంది. ఇంగ్లిష్ ఒక్కటే వచ్చిన బ్యాచ్‌మేట్ కంటే మెరుగ్గా మొదలవుతారు. ఇంట్లోవాళ్లూ సంతోషిస్తారు.

చిక్కు మూడో ఏటో నాలుగో ఏటో మొదలవుతుంది. టీమ్ లీడర్ కావాలంటే పనికొచ్చేది ఎక్సెల్, టార్గెట్లు, మనుషుల్ని నడిపించే నేర్పు. స్పానిష్ కాదు. ప్రమోషన్ వచ్చిన రోజుతో భాషతో పని తీరిపోతుంది. రాకపోతే అదే సీటు, అదే ప్రీమియం, ఏటా కొత్తగా వచ్చే బ్యాచ్‌తో పోటీ. ఎటు వెళ్లినా మూడేళ్లు చదివిన చదువు పెరిగే దారి కాదది.

ఈ సీటుకు రెండు వైపుల నుంచి ఒత్తిడి ఉంది. ఒకటి లాటిన్ అమెరికా నుంచే. టీసీఎస్ 2002లోనే ఉరుగ్వే రాజధాని మోంతెవిదియోలో కేంద్రం తెరిచింది. ఇన్ఫోసిస్ మెక్సికోలోని మాంతెరేకు వెళ్లింది. స్పానిష్ అమ్మ భాషగా ఉన్న యువకులు, అమెరికాతో ఇంచుమించు ఒకే గడియారం, అందుబాటు జీతాలు... కంపెనీకి ఇంతకంటే ఏం కావాలి? కొలంబియా రాజధాని బొగోతాలోని కుర్రాడితో స్పానిష్ మాట్లాడటంలో మన విద్యార్థి పోటీపడి నెగ్గడు. నెగ్గాలనుకోవడమూ అనవసరం. రెండో ఒత్తిడి యంత్రానిది. మొదటి వరస ఈమెయిళ్లు, చాట్లు, రొటీన్ అనువాదాలు యంత్రం చేతికి పోతున్నాయి. మనిషికి మిగులుతున్నది యంత్రం రాసినదాన్ని దిద్దే పని. దానికి పదం లెక్కన ఇచ్చే రేటు పూర్వపు అనువాదం రేటులో కొంతే. బీ2 స్థాయి స్పానిష్ యంత్రానికి బాగానే వచ్చేసింది. బీ2 దగ్గర ఆగిపోయిన పట్టాకు రాబోయే కష్టం ఇదే.

ఈ మాట అనగానే ‘మరి ఐక్యరాజ్య సమితి?’ అంటారు. కోచింగ్ సెంటర్ల కరపత్రాల్లో ఆ నీలం జెండా లేకుండా ఉండదు. సమితి ఆరు అధికార భాషల్లో స్పానిష్ ఒకటి, నిజమే. కానీ అక్కడి అనువాదకులు తమ ప్రధాన భాషలోకి అనువదిస్తారు. ఆ ప్రధాన భాష సమితి అధికార భాషల్లో ఒకటై ఉండాలి, దాని మీద పట్టు అమ్మ ఒడిలో నేర్చినంత ఉండాలి. ఇరవయ్యో ఏట స్పానిష్ నేర్చిన మన విద్యార్థికి ఆ తలుపు దాదాపు మూసి ఉన్నట్టే. విదేశాంగ శాఖలో ఇంటర్‌ప్రెటర్ల కేడర్ ఉంది. గౌరవమైన కొలువే, కాకపోతే చాలా చిన్నది, నోటిఫికేషన్ కోసం ఏళ్లు కాచుకోవాలి. సివిల్స్ ఆప్షనల్ సబ్జెక్టుల్లో స్పానిష్ సాహిత్యం లేదు. విదేశాంగ సర్వీసుకు ఎంపికైనవాళ్లకు ప్రభుత్వమే ఒక విదేశీ భాష నేర్పిస్తుంది కాబట్టి ముందే స్పానిష్ వచ్చి ఉండటం అక్కడ సౌకర్యమే తప్ప అర్హత కాదు. టూరిస్టు గైడ్ దారి ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ చుట్టూ ఉన్నంతగా మన దగ్గర లేదు.

బోధన రంగం సంగతి కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే భాషా విద్యార్థుల్లో చాలామంది చివరికి అటే చూస్తారు. 2020 జాతీయ విద్యావిధానం హైస్కూలు దశలో నేర్పదగిన విదేశీ భాషల్లో స్పానిష్ పేరు రాసింది. అదే విధానం పిల్లలు చదివే మూడు భాషల్లో కనీసం రెండు భారతీయ భాషలై ఉండాలనీ అంది. మూడో చోటు ఇంగ్లిష్‌ది. దాన్ని కదిపే తల్లిదండ్రులు మన రాష్ట్రాల్లో లేరు. తెలంగాణలో 2018 చట్టం పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసింది కూడా. ఆ చట్టం మంచిదే, దాన్ని కాదనాల్సిన పని లేదు. అయితే మామూలు బడిలో స్పానిష్ టీచర్‌కు జాగా ఎక్కడా కనిపించదు. మిగిలింది నగరాల్లోని ఇంటర్నేషనల్ స్కూళ్లు. జీతం బాగుంటుంది, ఖాళీలు కొన్నే. యూనివర్సిటీ కొలువుకు స్పానిష్‌లో నెట్ రాయవచ్చు, కానీ దేశంలో స్పానిష్‌కు పూర్తి విభాగమున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈ మధ్య పుట్టిన ఒక చిన్న దారి మాత్రం చెప్పుకోదగ్గది: అమెరికా హైస్కూళ్లలో స్పానిష్ తీసుకున్న మన ఎన్ఆర్ఐ పిల్లలకు ఇక్కడి నుంచి ఆన్‌లైన్ ట్యూషన్. గంటల లెక్క పనే అయినా డాలర్ల లెక్క కావడంతో కొందరికి ఇల్లు గడుస్తోంది.

ఇక ఈ పట్టాకు ధర దొరికే అసలు చోటుకు వద్దాం. అది తార్నాకకు దూరమేమీ కాదు. జీడిమెట్ల, పాశమైలారం, జినోమ్ వ్యాలీ. దేశపు మందుల తయారీలో మూడో వంతు మాదేనని తెలంగాణ ప్రభుత్వాలు చాలాకాలంగా చెప్పుకుంటున్నాయి. ఆ మందులు వెళ్లే దేశాల్లో స్పానిష్ మాట్లాడేవి తక్కువేమీ కావు. డాక్టర్ రెడ్డీస్ 2005లోనే మెక్సికోలోని క్వెర్నవాకాలో రోష్ కంపెనీ ముడి మందుల ప్లాంటును కొనుక్కుంది. ఒక మాత్ర మెక్సికోలో అమ్మాలంటే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ కోఫెప్రిస్ ఒప్పుకోవాలి, కొలంబియాలో ఇన్విమా, అర్జెంటీనాలో అన్మాట్, పెరూలో డిహెమిడ్. ఒక్కో సంస్థకు ఒక్కో పద్ధతి. వీటిలో కొన్ని తనిఖీ అధికారుల్ని మన ప్లాంట్లకూ పంపుతాయి.

ఆ అనుమతి ఫైలును దగ్గర్నుంచి చూస్తే భాషకు అసలు ధర ఎక్కడుందో తెలుస్తుంది. మందు తయారీ విధానం, ముడి పదార్థాల నాణ్యత, ముప్పై డిగ్రీల వేడిలో ఎన్ని నెలలు చెడకుండా ఉంటుందన్న పరీక్షల పట్టికలు, పెట్టె మీద అచ్చయ్యే మాట, లోపల మడిచి పెట్టే కరపత్రం, మన ఔషధ నియంత్రణ అధికారులిచ్చిన సర్టిఫికెట్, అది విదేశాల్లో చెల్లడానికి వేసే అపోస్టిల్ ముద్ర. చాలా దేశాల్లో ధ్రువపత్రాల అధికారిక అనువాదం అక్కడి గుర్తింపు పొందిన అనువాదకుడే చేయాలి కాబట్టి ఆ ముక్క మన చేతిలో ఉండదు. అయితే అసలు పని దానికి ముందూ వెనకా ఉంది. అక్కడి ఏజెంటుతో ఉత్తరాలు నడపాలి. అనువాదమై వచ్చిన కరపత్రంలో మోతాదు, నిల్వ షరతు, హెచ్చరిక ఇక్కడి మూలంతో సరిపోయాయో లేదో గీత గీతా పోల్చాలి. నియంత్రణ సంస్థ ఫలానా పరీక్ష వివరం చాలదంటూ గడువుతో పంపిన లేఖను చదివి, అది అడుగుతున్నదేమిటో ల్యాబ్‌లోని కెమిస్టుకు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో విప్పి చెప్పి, అతని జవాబును ప్రభుత్వ ఆఫీసు ఒప్పుకునే స్పానిష్‌లో రాయాలి. గడువు దాటితే దరఖాస్తు మళ్లీ మొదటికి రావచ్చు. తనిఖీ బృందం వచ్చిన రోజున ప్లాంటులో వాళ్ల పక్కన నిలబడే దుబాసీకి బ్యాచ్ రికార్డు అంటే ఏమిటో, తేడా వచ్చినప్పుడు దాన్ని ఎలా నమోదు చేస్తారో తెలిసి ఉండాలి.

ఏడాది కోర్సులో నేర్చిన స్పానిష్ ఈ పనికి చాలదు. యంత్రం ముసాయిదా రాసిపెడుతుంది, కానీ తప్పు దొర్లితే సంజాయిషీ ఇవ్వాల్సింది సంతకం పెట్టిన మనిషే. బొగోతా కుర్రాడికి జీడిమెట్ల ల్యాబ్‌లో మనిషి లేడు. సుదీర్ఘమైన, కఠినమైన వాక్యాన్ని ఓపిగ్గా చదివి, దాని మెలికను పట్టి, అంతే జాగ్రత్తగా తిరిగి రాయడం మూడేళ్ల సాహిత్య విద్యార్థికి అలవడిన విద్య. అందుకే ‘ఈ డాన్ కిహోతేలు, కవిత్వాలు ఎందుకు, బిజినెస్ స్పానిష్ చెప్పండి చాలు’ అనే వాదనతో నాకు పేచీ. సాహిత్యం తీసేస్తే మిగిలేది అనంతపురం కోర్సే, దాన్ని వాళ్లు ఏడాదిలో, మనకంటే బాగా చేస్తున్నారు. డిగ్రీ విలువంతా రాతలో ఉంది. తప్పు దొర్లితే కోట్లలో నష్టం వచ్చే చోటే ఆ రాతకు ధర ఇస్తారు. మందుల ఫైళ్లు, ఒప్పందాలు, కోర్టు కాగితాలు, పేటెంట్లు అలాంటివి. సాహిత్యం ఒక్కటే చదివిన విద్యార్థిని ఆ చోట్ల గుమ్మం లోపలికి రానివ్వరన్నదీ అంతే నిజం. మాలిక్యూల్ అంటే తెలియనివాడికి ఫైలు ఎవరిస్తారు?

మందులే కాదు. ఖనిజ్ బిదేశ్ ఇండియా లిమిటెడ్ అనే మన ప్రభుత్వ రంగ సంస్థ 2024 జనవరిలో అర్జెంటీనాలోని కతమార్కా రాష్ట్రంలో ఐదు లిథియం బ్లాకులకు ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది అక్టోబర్‌లో వడోదరలో సీ295 సైనిక రవాణా విమానాల కర్మాగారాన్ని స్పెయిన్ ప్రధాని పెద్రో సాంచెజ్ మన ప్రధానితో కలిసి ప్రారంభించారు. హీరో మోటోకార్ప్‌కు కొలంబియాలో ఫ్యాక్టరీ ఉంది. ప్రతిచోటా గని చట్టమో, కార్మిక చట్టమో, నాణ్యత పత్రమో స్పానిష్‌లో ఉంటుంది. ఒక సంగతి మరిచిపోకూడదు: దక్షిణ అమెరికా ఖండంలో అతి పెద్ద దేశం బ్రెజిల్ మాట్లాడేది పోర్చుగీస్. స్పానిష్ గట్టిగా వచ్చినవాడికి పోర్చుగీస్ చదివి అర్థం చేసుకునే స్థాయి త్వరగానే అందుతుంది. లాటిన్ అమెరికా మార్కెట్ చూసే కంపెనీలో రెండూ వచ్చిన మనిషి విలువ వేరు.

అమెరికా అనుభవం కూడా ఇదే వైపు చూపిస్తోంది. 2020 జనగణన ప్రకారం అక్కడ హిస్పానిక్ మూలాలున్నవాళ్లు 6.2 కోట్లు. ఆసుపత్రుల్లో, కోర్టుల్లో స్పానిష్ దుబాసీలు లేనిదే రోజు గడవదు. అయినా 2016, 2021 మధ్య అమెరికా కాలేజీల్లో ఇంగ్లిష్ కాని భాషల తరగతుల్లో చేరికలు 16.6 శాతం పడిపోయాయి. 2023లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ తన విదేశీ భాషల విభాగాన్నే ఎత్తేయబోయింది. నిరసనలు లేచాక స్పానిష్, చైనీస్ తరగతులు కొన్ని మిగిలాయి, మేజర్లు మిగల్లేదు. వీధిలో గిరాకీ ఉంది, క్లాసులో విద్యార్థి లేడు. నర్సింగ్‌తో, సోషల్ వర్క్‌తో, వ్యాపార శాస్త్రంతో జోడు మేజర్‌గా స్పానిష్ తీసుకున్నవాళ్ల పరిస్థితి, దాన్నొక్కదాన్నే పట్టుకున్నవాళ్ల పరిస్థితి ఒకటి కాదని అక్కడి అధ్యాపకులకు బాగా తెలుసు.

మన దగ్గర ఈ జోడు కుదర్చడానికి అడ్డం ఏముంది? నిబంధనలైతే కావు. 2022లోనే యూజీసీ ఏకకాలంలో రెండు డిగ్రీలు చదవడానికి అనుమతిచ్చింది. పగలు స్పానిష్ బీఏ చేస్తూ దూరవిద్యలో బీకాం పూర్తి చేయవచ్చు. కొత్త విద్యావిధానం మేజర్ పక్కన మైనర్ పెట్టుకోమంటోంది. హైదరాబాద్‌లోనే బాలానగర్‌లో ఔషధ విద్య నేర్పే నైపర్ ఉంది, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, తార్నాకలో ఇఫ్లూ ఉంది. ఒక నగరంలో ఈ మూడూ ఉండటం దేశంలో అరుదు. ఔషధ నియంత్రణ మీద నైపర్ అధ్యాపకులు ఒక సెమిస్టర్, ఒప్పంద చట్టం మీద నల్సార్ వాళ్లు ఒక సెమిస్టర్ చెబితే, బదులుగా ఇఫ్లూ వాళ్లు ఫార్మసీ విద్యార్థులకు చదివి అర్థం చేసుకునే స్థాయి స్పానిష్ నేర్పితే అయ్యే ఖర్చెంత? ఆ పిల్లల్ని రెండు నెలలు కంపెనీ రెగ్యులేటరీ విభాగంలో కూర్చోబెడితే చాలు, పాత ఫైళ్లే పాఠ్యపుస్తకాలవుతాయి. కంపెనీలకూ ఇందులో బాధ్యత ఉంది. అనువాదం ఏజెన్సీకిచ్చి చేతులు దులుపుకోవడం అలవాటైనవాళ్లు, ఇంట్లో మనిషిని తయారు చేసుకోవడం ఖర్చు అనుకుంటున్నారు.

విశ్వవిద్యాలయం కదిలేదాకా విద్యార్థి ఆగనక్కర్లేదు. రెండో ఏడాదిలోనే ఒక రంగాన్ని ఎంచుకుని, ఆ రంగపు కాగితాలు స్పానిష్‌లో చదవడం మొదలుపెట్టవచ్చు. మెక్సికో, కొలంబియా నియంత్రణ సంస్థల నియమావళులు, అనుమతించిన మందుల కరపత్రాలు వాటి వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. మొదటి ఉద్యోగం కస్టమర్ సపోర్టులో వస్తే తీసుకోవడంలో నామోషీ లేదు. అందులో చేరేటప్పుడే బయటికి వచ్చే దారి చూసుకోవాలి, అంతే. ఇన్వాయిస్‌లు చూసే ప్రాసెస్‌లో పడినవాడు అకౌంటింగ్ నేర్చుకుంటే స్పానిష్ వచ్చిన ఫైనాన్స్ మనిషి అవుతాడు. బూతులు వడకట్టే ప్రాసెస్‌లో మూడేళ్లు కూర్చుంటే ఏమీ కాడు, పైగా మనసు పాడవుతుంది.

సాహిత్య అనువాదం గురించి ఒక్క మాట. నెరూడా, బోర్హెస్, మార్కెస్ తెలుగులోకి చాలావరకు ఇంగ్లిష్ మీదుగానే వచ్చారు. నేరుగా స్పానిష్ నుంచి తెలుగు చేయగలవాళ్లు ఇప్పుడు తయారవుతున్నారు, వాళ్ల అవసరం మనకుంది. అర్జెంటీనా ప్రభుత్వం ‘ప్రోగ్రామా సుర్’ పేరుతో తమ రచనల్ని అనువదించే విదేశీ ప్రచురణకర్తలకు డబ్బు సాయం చేస్తూ వచ్చింది, స్పెయిన్ సాంస్కృతిక శాఖకూ అలాంటి పథకముంది. మన ప్రచురణకర్తలు ఇలాంటి సాయం అడగాలి. అయితే తెలుగు పుస్తకాల బజారు సంగతి తెలిసినవారెవరూ దీన్ని జీవనోపాధి అని చెప్పి పిల్లల్ని మోసం చేయరు. ఇది రాత్రిపూట చేసే పని, పగటి కొలువు మరొకటి ఉండాలి.

అడ్మిషన్ల వేళ విభాగాలు వేసే ప్రకటనల్లో ‘మా విద్యార్థులు ఫలానా కంపెనీల్లో’ అని లోగోలు అచ్చు వేస్తుంటారు. అది మొదటి ఉద్యోగపు లెక్క. ఐదేళ్ల కిందట పట్టా పుచ్చుకున్న బ్యాచ్ ఇవాళ ఎక్కడుంది, ఎంతమంది ఇంకా స్పానిష్‌తో పనిచేస్తున్నారు, ఎంతమంది దాన్ని వదిలేశారు, వదలనివాళ్ల చేతిలో ఉన్న రెండో విద్య ఏది? ఈ లెక్క ఏ విభాగం దగ్గరైనా తీరిగ్గా రెండు వారాలు ఫోన్లు చేస్తే దొరుకుతుంది. సీటు తీసుకునేముందు ఆ కాగితం చూపించమని అడిగే హక్కు విద్యార్థికి, ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఉంది.